ఖాళీ గాడి

చెవులమ్మ రికార్డును రెండు అరచేతుల మధ్య అంచులు పట్టి దీపం కిందకు వంచింది. నల్లని ముఖం మీద వెలుతురు సన్నని గీతలా పడి, చేతులు కదిలినకొద్దీ గుండ్రంగా తిరిగింది. ఆ గీత ఎక్కడా చెదరలేదు. పొక్కు లేదు, మచ్చ లేదు. అంచు శుభ్రంగా కత్తిరించి ఉంది. కంటితో చూసి వంక పెట్టడానికి ఏమీ లేదు.

అయినా లేబులు మీద ఎర్ర కాగితం ముక్క అంటించింది.

వినే గది ఫ్యాక్టరీ పై అంతస్తులో ఉంది. గోడలకు దళసరి నార పలకలు, ఒక బల్ల, దాని మీద రికార్డు ప్లేయరు, ముందు ఒక కుర్చీ. రెండో కుర్చీ ఆ గదిలో ఎప్పుడూ లేదు. కింద ప్రెస్సుల్లో రికార్డులు తయారైనకొద్దీ ప్రతి దొంతరలోంచీ ఒకటి పైకి వస్తుంది. ఆమె దాన్ని మొదటి నుంచి చివరిదాకా వింటుంది. బాగుంటే ఆ దొంతర అట్టల్లోకి వెళుతుంది. బాగోకపోతే గ్రైండరులోకి. ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

పాటను ఆమె వినదు. పాట మీద నుంచి చెవిని పక్కకు జరిపి, దాని వెనక ఏముందో వింటుంది. రెండు పాటల మధ్య ఖాళీ గాడి వచ్చినప్పుడు కళ్ళు మూసుకుంటుంది. అక్కడ వాయిద్యం ఉండదు, గొంతు ఉండదు. రికార్డు తనెలాంటిదో దాచుకోవడానికి చోటుండదు. ఈ రికార్డులో సరిగ్గా అక్కడే బుస వినిపించింది. పొయ్యి మీద నీళ్ళు కాగబోయే ముందు గిన్నె అడుగున పుట్టే చప్పుడులాంటిది. చాలా సన్నగా ఉంది. వేరేవాళ్ళయితే వదిలేసేవాళ్ళు.

హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకున్నాకే ముల్లు ఎత్తింది. గాడిని విడిచేటప్పుడు ముల్లు కొట్టే దెబ్బ నేరుగా చెవిలో పడకూడదు. పనిలో చేరిన రోజున ఈ కుర్చీలో కూర్చున్న పెద్దావిడ మొదట నేర్పింది అదే. ఇన్నేళ్ళలో ఆ వరస ఒక్కసారీ తప్పలేదు. హెడ్‌ఫోన్స్ చెవులను వదలగానే కింద ప్రెస్సుల దబదబ గదిలోకి వచ్చేసింది.

తలుపు తోసుకుని చిన్న మేడమ్ లోపలికి వచ్చింది. తాత పెట్టి, తండ్రి మూసేసిన ఫ్యాక్టరీని మళ్ళీ తెరిచిన మనిషి. చిన్నప్పుడు ఈ బల్ల కింద కూర్చుని బొమ్మలు వేసుకునేది. అందుకని నలుగురిలో చెవులమ్మ ఆమెను మేడమ్ అంటుంది, ఒంటరిగా ఉన్నప్పుడు అమ్మాయ్ అంటుంది.

"మళ్ళీ ఉందా ఆంటీ?"

"ఉంది."

చిన్న మేడమ్ నిలబడే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఖాళీ గాడి దగ్గర ముల్లు దింపించుకుంది. తల ఒక పక్కకు వంచింది. కనుబొమలు ముడిచింది.

"నాకేం తెలియట్లేదు."

"ముందు నుంచీ వింటే తెలుస్తుంది. చెవి అలవాటుపడాలి."

"మీరు ఉందంటే ఉందని నాన్న అనేవాడు లెండి." హెడ్‌ఫోన్స్ జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "సరుకు కోసం ఆర్డరిచ్చినవాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఈ నెలలో మనం చేసినదాంట్లో సగం గ్రైండరుకే పోయింది. అచ్చులు మార్పించాను. వినైలు గుళికలు వేరేచోటి నుంచి తెప్పించాను. ఇంకేం మార్చాలో మీరే చెప్పాలి."

మార్చనిది ఒక్కటే మిగిలిందని ఇద్దరికీ తెలుసు.

*

ప్రెస్సుల హాల్లో మాట్లాడాలంటే చెవి దగ్గరికి వంగాలి. ప్రెస్సు నడిపే మేస్త్రి మాత్రం వంగడు. ఆవిరి చప్పుడు ఎప్పుడు తగ్గుతుందో అతనికి తెలుసు, ఆ సందులో మాట విసురుతాడు.

"ఏం వదినా, ఇవాళ నా నోట్లో మట్టి కొట్టడానికి ఎన్ని కాగితాలు ఖర్చయ్యాయి?"

"రెండు."

"నిన్న మూడు. అయితే నా పని మెరుగుపడుతోందన్నమాట."

గొట్టంలోంచి మెత్తని నల్ల ముద్ద బయటికి వచ్చింది. మేస్త్రి దాని పైనా కిందా లేబుళ్ళు పెట్టి, ప్రెస్సులోకి జరిపాడు. దవడలు మూసుకున్నాయి. ఆవిరి బుస్సుమంది. ముద్ద ఆ దవడలకు బిగించిన రెండు అచ్చు పళ్ళేల మధ్య పరుచుకుని గాడుల్లోకి దిగుతున్నంతసేపూ అతను గడియారం వైపు చూడలేదు. ఇనుప చట్రం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తరువాత చల్లనీళ్ళు వదిలాడు. ప్రెస్సు తెరుచుకుంది. చుట్టూ చీలికలు పీలికలుగా అంచు మిగిలిన రికార్డును ఎత్తి, కత్తి కింద తిప్పి, దొంతర మీద పెట్టాడు. దేనికీ తొందర లేదు.

అయినా ఆమె అంది. "తొందరపడుతున్నావు. ఆవిరి పూర్తిగా పట్టకముందే నీళ్ళు వదిలేస్తున్నావు. ముద్ద గాడి అడుగుదాకా నిండట్లేదు. బుస అందుకే."

"ముద్ద వెళ్ళాల్సిన చోటికి వెళ్తోంది వదినా."

"మరి బుస ఎక్కడిది?"

మేస్త్రి జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. ఏదో అనబోయి, ఆవిరి చప్పుడు పెరగడంతో ఆగిపోయాడు. చప్పుడు తగ్గాక కూడా అనలేదు.

"నువ్వు ఉందంటే ఉన్నట్టే," అన్నాడు చివరికి.

ఆమె భర్త ఇదే ఫ్యాక్టరీలో అచ్చు పళ్ళేలకు లోహపు పూత వేసేవాడు. మేస్త్రి అతన్ని అన్నా అనేవాడు. అన్న పోయింది క్రితం వానాకాలంలో. అప్పటి నుంచీ మేస్త్రి ఆమెతో ఎక్కువ వేళాకోళం ఆడుతున్నాడు, మాట మధ్యలో ఎక్కువసార్లు ఆగిపోతున్నాడు.

ఇప్పుడు అతను గోడ మీద చిన్న మేడమ్ కొత్తగా తగిలించిన బోర్డు వైపు గడ్డం ఎత్తాడు. 'బరువైన రికార్డు, నాణ్యమైన రికార్డు' అని ఉంది దాని మీద.

"పుచ్చకాయ కూడా బరువే. తిప్పితే పాడుతుందా?"

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని మెట్లెక్కుతున్నప్పుడు అనిపించింది.

*

మర్నాడు పైకి ఏ దొంతరా రాలేదు. బుస సంగతి తేలేదాకా ఆర్డరు పని ఆపేశారు. చెవులమ్మ నమూనాల అర తాళం తీసింది. ఈ ఫ్యాక్టరీ ఇన్ని దశాబ్దాల్లో చేసిన రికార్డులు ఏడాదికొకటి చొప్పున అందులో నిలబెట్టి ఉన్నాయి. బుస ఎక్కడిదో తేల్చాలంటే పాతవాటి పక్కన కొత్తదాన్ని పెట్టి వినడమే దారి.

ఎడమ చివరన లక్కతో చేసినవి. పట్టుకుంటే పెంకులా ఉంటాయి, కిందపడితే పెంకులాగే పగులుతాయి. వాటి బరువు చూసి మురిసిపోయేవాళ్ళు వాటిని విని ఉండరు. పాట అంతా ఇసుక మీద నడుస్తున్నట్టుంటుంది. వాటిని వదిలి, తరువాతి వరసలోకి వేలు జరిపింది. మొదటి వినైలు రికార్డులు. దళసరిగా, కదలకుండా, చల్లగా ఉంటాయి. అప్పట్లో ముద్దను ఒకరు పోస్తే ఇంకొకరు తూచేవారట. ఆ రోజుల వాళ్ళు ఎవరూ ఇప్పుడు లేరు.

ఇంకా కుడివైపుకు వెళ్ళినకొద్దీ అట్టలు పలచబడ్డాయి. ఆమె ఒకటి బయటికి తీసింది. చివరలు పట్టుకుని కొద్దిగా వంచితే వంగింది, వదిలితే వణికింది. ఆమె పనిలో చేరిన సంవత్సరం రికార్డు అది. చమురు దొరకని కాలం. వినైలు చమురులోంచే వస్తుంది కాబట్టి ముద్ద చిన్నదైంది. అమ్ముడుపోని రికార్డులను తిరిగి రుబ్బి కొత్త గుళికల్లో కలిపేవారు. మధ్యనున్న లేబులు కోసి తీసేసి మరీ రుబ్బాలి. ఆ పనికీ మనుషుల్ని తగ్గించారు. దీపం కింద పెడితే నల్లని ఒంట్లో ఒకచోట పసుపుపచ్చ కాగితపు పీచు ఇప్పటికీ కనబడుతోంది. ఎవరి పాట లేబులో. దాని మీద ముల్లు నడిచినప్పుడు టిక్కుమంటుంది. రోజుకు బుట్టెడు ఎర్ర కాగితాలు అంటించిన రోజులవి. అంటించినా సరుకు బయటికి వెళ్ళిపోయేది.

అయితే పలచనివన్నీ చెడ్డవి కావు. ఆ వరసలోనే, ఫ్యాక్టరీ మూతపడేముందు చేసిన ఒక రికార్డు ఉంది. తీసి చూస్తే కాగితంలా ఉంటుంది. దాని అచ్చుకు పూత వేసింది ఆమె భర్త, ప్రెస్సు మీద ఉన్నది మేస్త్రి. వినే గదిలో ఆమె. ఆ ఖాళీ గాడిలో ఏమీ ఉండేది కాదు. రికార్డు తిరుగుతోందో లేదో కళ్ళు తెరిచి చూసుకోవాల్సి వచ్చేది. మౌనం అంటే ఎలా ఉండాలో కొత్తవాళ్ళకు నేర్పడానికి దాన్నే వినిపించేది.

దుమ్ము తుడిచి, దాన్ని ప్లేయరు మీద పెట్టింది. హెడ్‌ఫోన్స్ చెవులకు అదుముకుంది. పాట అయిపోయింది. ఖాళీ గాడి వచ్చింది.

బుస.

మళ్ళీ వెనక్కి తెచ్చి వింది. ఉంది. కొత్తవాటిలో ఎంత ఉందో అంతే ఉంది.

హెడ్‌ఫోన్స్ తీసి, ముల్లు ఎత్తి, ఆమె చాలాసేపు ఆ పలచని రికార్డును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వానాకాలంలో అర వెనక గోడ చెమ్మగిల్లిన మాట నిజమే. ఫ్యాక్టరీ మూసి ఉన్న ఏళ్ళలో ఎవరూ పట్టించుకోలేదు. రికార్డులకూ వయసు వస్తుంది, గాడులూ అరుగుతాయి. అలా సరిపెట్టుకుంది. ఇది కూడా పోయిందన్నమాట అనుకుని అట్టలో పెట్టి, అర తాళం వేసింది.

సాయంత్రం చిన్న మేడమ్ ఆఫీసులోకి పిలిచింది. తలుపు మూసింది.

"ఒక్క మాట చెప్పండి ఆంటీ. అది ప్రెస్సు తప్పేనా?"

కిటికీలోంచి కింద హాలు కనబడుతోంది. మేస్త్రి ప్రెస్సు చల్లార్చి, దాని చట్రాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. ఆర్డరు లేని రోజున కూడా తుడుస్తున్నాడు.

"అచ్చు మార్చావు, సరుకు మార్చావు. మిగిలింది ప్రెస్సే."

"ఆయన చేయి పట్టుకుని పని దిద్దడం నాకు రాదు. తాతగారి కాలం మనిషి." చిన్న మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. "వేరే ఫ్యాక్టరీలో ఒకతన్ని మాట్లాడాను. సోమవారం వస్తాడు. మేస్త్రిగారికి శనివారం ఆఖరి రోజు. పొద్దున చెప్పాను."

"ఏమన్నాడు?"

"సరే అన్నారు. అంతే. నేను రాత్రంతా నిద్రపోకుండా మాటలు కూర్చుకుని వచ్చాను, ఆయన సరే అని టీ తాగడానికి వెళ్ళిపోయారు."

చెవులమ్మకు అది వింతగా తోచింది. ఎవరైనా ఒక టిక్కు తన ప్రెస్సుదని అంటే వారం రోజులు పోట్లాడే మనిషి.

*

ఆమె ఉండేది మేడ మీది వాటా. తాళం తీసి లోపలికి రాగానే మొదట ఫ్యాను వేస్తుంది, తరువాత రేడియో పెడుతుంది, చెప్పులు విప్పడం ఆ తరువాతే. పడుకున్నా రెండూ నడుస్తూనే ఉంటాయి. రేడియోలో ఏం వస్తోందో ఆమెకు తెలియదు. మనుషులు మాట్లాడుతూ ఉంటే చాలు.

శుక్రవారం సాయంత్రం మెట్ల మీద కింది వాటా ఆవిడ ఎదురైంది.

"మీరు ఫ్యాక్టరీకి వెళ్ళాక కూడా రేడియో మోగుతూనే ఉంది నిన్న. ఎవరికండీ అది, గోడలకా?"

"మర్చిపోయాను."

"మర్చిపోతే ఫర్వాలేదు. వార్తలు మాత్రం కాస్త చిన్నగా పెట్టండి. మా ఆయన పేపరు చదవడం మానేశాడు, మీ రేడియో చాలంటున్నాడు."

ఇద్దరూ నవ్వారు. ఇల్లెలా ఉందని ఆవిడ అడిగింది. బాగానే ఉందని చెవులమ్మ చెప్పింది. క్రితం వానాకాలం నుంచీ ఎవరడిగినా అదే చెబుతోంది.

లోపలికి వచ్చి, రేడియో పెట్టి, కూరగాయల కత్తి చేతిలోకి తీసుకునేసరికి కరెంటు పోయింది. రేడియోలో మాట్లాడుతున్నవాడు మాట మధ్యలో ఆగిపోయాడు. ఫ్యాను రెక్కలు రెండు చుట్లు తిరిగి, బరువుగా ఇంకొక చుట్టు తిరిగి, నిలిచిపోయాయి. వీధిలో కూడా ఒక్క మోటారు చప్పుడు లేదు. కిటికీ బయట ఇంకా కొద్దిగా వెలుతురుంది.

పొయ్యి మీద ఏదో కాగుతోంది.

వెళ్ళి చూసింది. పొయ్యి వెలిగించనేలేదు. దాని మీద గిన్నె కూడా లేదు. కుళాయి దగ్గర చెవి పెట్టింది. కుళాయి పొడిగా ఉంది. గ్యాసు గొట్టం వాసన చూసింది. ముందుగదిలోకి వచ్చింది. పడకగదిలోకి వెళ్ళింది. భర్త మంచం ఉన్న గోడ వారగా నిలబడింది.

చప్పుడు ఎక్కడైనా పుడితే దానికి దగ్గరా దూరం ఉంటాయి. నాలుగడుగులు వేస్తే పెరగాలి, వెనక్కి వస్తే తగ్గాలి. ఆమె ఇల్లంతా తిరిగింది. పెరగలేదు, తగ్గలేదు. మట్టం మారలేదు.

చేతిలోని కత్తిని మంచం మీద పెట్టింది. రెండు వేళ్ళతో రెండు చెవులూ మూసుకుంది.

బుస ఎక్కువైంది.

చీకటి పడేదాకా అలాగే కూర్చుంది. కరెంటు వచ్చింది. రేడియో దానంతట అదే మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె లేచి వెళ్ళి దాన్ని ఆపేసింది, ఫ్యాను కూడా ఆపేసింది. చప్పుడు ఉందో లేదో ఇంకొకసారి చూసుకోవాలనుకుంది. ఉంది.

*

శనివారం ఆమె అందరికంటే ముందు ఫ్యాక్టరీకి వచ్చింది. పైకి వెళ్ళి, ఎర్ర కాగితం అంటించిన రికార్డుల్లోంచి ఒకదాన్ని ప్లేయరు మీద పెట్టింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఖాళీ గాడి దాకా వచ్చింది. బుస వినిపించింది. చెయ్యి అలవాటు కొద్దీ హెడ్‌ఫోన్స్ వైపు లేచింది. దాన్ని కిందకు దింపింది. చెవుల మీద అవి అలా ఉండగానే ముల్లు ఎత్తింది.

దెబ్బ చెవుల్లో పడి తల దిమ్మెక్కింది. అది తగ్గేదాకా కళ్ళు మూసుకుని ఆగింది. ముల్లు గాలిలో ఉంది. రికార్డు ఉత్తినే తిరుగుతోంది.

బుస ఆగలేదు.

కిందకు దిగేసరికి మేస్త్రి తన పనిముట్లను గుడ్డలో చుట్టుకుంటున్నాడు. హాలు అవతలి చివర గ్రైండరు గదిలో పనివాళ్ళు ఇంకా రాలేదు. వారమంతా ఎర్ర కాగితాలు పడ్డ దొంతరలు ఆ గది గుమ్మం ముందు పేర్చి ఉన్నాయి. శనివారం పొద్దున లేబుళ్ళు కోసి రుబ్బడం మొదలుపెడతారు.

"పైకి రా," అంది.

"నేనా? పైకా? ఆఖరి రోజున ఫ్యాక్టరీ కట్టుబాటు తప్పించకు వదినా."

రికార్డు చేసినవాడు వినే గదిలో అడుగు పెట్టకూడదు. వినేవాళ్ళు ప్రెస్సు మీద చెయ్యి వేయకూడదు. చిన్న మేడమ్ తాత కాలం నుంచీ ఉన్న పద్ధతి అది.

"రమ్మంటున్నాను."

అతను మెట్లెక్కి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వచ్చాడు. ఆమె తన కుర్చీ చూపించింది. అతను అంచు మీద కూర్చున్నాడు. హెడ్‌ఫోన్స్ ఆమే అతని తలకు సరిచేసింది. రికార్డు పెట్టి, ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడింది.

అతను పాట విన్నాడు. ఖాళీ గాడి విన్నాడు. ఇంకొక పాట, ఇంకొక ఖాళీ. ఆమె అతని కళ్ళనే చూస్తోంది. ఎవరికైనా ఏదైనా వినిపిస్తే ముందు కళ్ళలో తెలుస్తుంది. ఎంతోమందికి నేర్పింది, ఆ మాత్రం చూడగలదు. అతని కళ్ళలో ఏమీ కదలలేదు.

"ఏం వినబడింది?" హెడ్‌ఫోన్స్ తీశాక అడిగింది.

"ఏమీ లేదు వదినా. శుభ్రంగా ఉంది."

అది అతను కొత్తగా కనుక్కున్న మాటలా లేదు. అతని గొంతులో సంబరం లేదు. తప్పు తనది కాదని తేలిన మనిషి అలా ఉండడు.

"నీకు ముందే తెలుసు," అంది.

మేస్త్రి హెడ్‌ఫోన్స్ తీగను వేలికి చుట్టుకుంటూ నేల వైపు చూశాడు.

"ఒకటి ఇంటికి పట్టుకెళ్ళాను. నేను విన్నాను. నా చెవులు ముసలివని మనవరాలికి వినిపించాను. దానికి దోమ తుమ్మినా వినబడుతుంది. ఏం లేదు తాతా అంది."

"ఎప్పుడు?"

"చాలా రోజులైంది. అన్న పోయాక నువ్వు మళ్ళీ పనిలోకి వచ్చావు చూడు, ఎర్ర కాగితాలు మొదలైంది అప్పుడే. మొదట నాకూ తట్టలేదు."

"చెప్పలేదేం?"

"చెబితే నిన్ను ఈ కుర్చీలోంచి లేపుతారు." తీగ విప్పి బల్ల మీద పెట్టాడు. "నా ప్రెస్సు పోతే నాకు ఇంట్లో మనుషులున్నారు. రోజంతా పోట్లాడుకుంటూ ఉంటారు, ఎలాగో పొద్దు పోతుంది. నీకు ఈ గది కూడా లేకపోతే ఎలా అని."

కింద ఎవరో వచ్చి దీపాలు వేశారు. గ్రైండరు గది తలుపు గరగరమని తెరుచుకుంది.

చెవులమ్మ గోడ దగ్గర నుంచి కదల్లేదు. మాట్లాడినప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"నా మీద జాలిపడి మంచి రికార్డుల్ని రుబ్బించావు."

"వదినా..."

"నేను చెవి చెడి చేశాను. నువ్వు తెలిసి చేశావు. మీ అన్న ఉంటే నీతో మాట్లాడేవాడు కాదు."

అతను తల ఎత్తలేదు. "మాట్లాడేవాడు కాదు," అని ఒప్పుకున్నాడు. తరువాత మెల్లగా అన్నాడు. "పోనీ ఇలా చేద్దాం. రోజూ ఒకసారి నేను ఎవరూ చూడకుండా పైకి వస్తాను. నేను విని చెబుతాను. కాగితం నువ్వే అంటించు. నీ కుర్చీ నీకుంటుంది, నా ప్రెస్సు నాకుంటుంది. ఎవరికి తెలుస్తుంది?"

ఆమె ఆ మాట గురించి నిజంగానే ఆలోచించింది. ఈ గది, ఈ బల్ల, కిటికీ లేని ఈ నాలుగు గోడలు. ఫ్యాక్టరీ మూసిన ఏళ్ళూ, ఆదివారాలూ తప్ప మిగిలిన రోజులన్నీ తనకు ఇక్కడే గడిచాయి. మేస్త్రి చెప్పినట్టు చేస్తే ఎవరికీ తెలియని మాట నిజమే. అతని ముఖంలో ఆశ ఉంది. అది తన కోసం కాదు.

"చేసినవాడే తన సరుకు విని బాగుందంటే, ఇక ఈ గది ఎందుకు?" అంది. "చెప్పులేసుకో. కిందకు పద."

*

గ్రైండరు ముందు పనివాళ్ళు మొదటి దొంతరను లేబులు కోసే మర దగ్గరికి చేర్చారు. చెవులమ్మ వెళ్ళి ఆ దొంతర మీద చెయ్యి పెట్టి నిలబడింది. మేడమ్ వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దంది. వాళ్ళు మేస్త్రి వైపు చూశారు. మేస్త్రి గ్రైండరు ప్లగ్గు పీకి, దాని వైరు మోచేతికి చుట్టుకున్నాడు. "చెప్పింది వినబడలేదా? ఆవిడకు వినబడకపోవడం వేరు, మీకు వినబడకపోవడం వేరు," అన్నాడు. ఆ మాట వాళ్ళకు అర్థం కాలేదు. ఆమెకు నవ్వు వచ్చింది. ఆ నవ్వుతో పాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి కాబట్టి అటు తిరిగి దొంతర సరిచేసింది.

చిన్న మేడమ్ వచ్చాక ముగ్గురూ ఆఫీసులోకి వెళ్ళారు. చెవులమ్మ కూర్చోలేదు. రెండు చేతులూ స్వెట్టరు జేబుల్లో పెట్టుకుని, రికార్డులో దోషం ఎక్కడుందో చెప్పేటప్పటిలాగే వరసగా చెప్పింది. హెడ్‌ఫోన్స్ ముందు తీసి ముల్లు తరువాత ఎత్తే అలవాటు గురించి చెప్పింది. అందువల్ల ముల్లు లేనప్పుడు తన చెవిలో ఏముందో ఒక్కనాడూ తెలియలేదని చెప్పింది. పాత రికార్డులో కూడా బుస విని, నేరం దాని మీదే వేశానంది. మేస్త్రికి ముందే తెలుసన్న మాట మాత్రం చెప్పలేదు. అది అతను చెప్పుకోవాలి.

అతను చెప్పుకున్నాడు. గుమ్మం దగ్గరే నిలబడి, నాలుగు ముక్కల్లో.

చిన్న మేడమ్ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. కోపం రావాల్సిన చోట ఏం రావాలో ఆమెకు తోచినట్టు లేదు. ఫోన్ తీసి, గ్రైండరు గదిలో ఉన్నవాటిని అట్టల విభాగానికి పంపమని చెప్పింది. తరువాత, సోమవారం రావలసిన కొత్తతనికి ఫోన్ చేసి, రావద్దంది, క్షమించమంది.

"మేస్త్రిగారూ, సోమవారం ప్రెస్సు ఎన్నింటికి వేడెక్కిస్తారు?"

"ఎప్పటిలాగే మేడమ్."

"నేను కూడా వస్తాను. మీరు నన్ను కొన్ని రోజులు తిట్టాల్సి ఉంటుంది, పని నేర్చుకుంటాను. ఇకమీద ఇలాంటిది ఏదైనా తెలిస్తే నాకు చెప్పండి. నా మీద కూడా జాలిపడండి కాస్త."

మేస్త్రి తల ఊపాడు.

"ఆంటీ, మరి మీరు?"

"వినేవాళ్ళను చూసుకో అమ్మాయ్. చిన్న వయసు వాళ్ళను. నేర్పడం నేను నేర్పుతాను. తీర్పు మాత్రం నేను చెప్పకూడదు." మేస్త్రి ఎదురుగా ఉన్నాడని, నలుగురిలో మేడమ్ అనాలని ఆమెకు అప్పుడు గుర్తు రాలేదు. "ప్యాకింగు బల్ల దగ్గర చోటుంటే అక్కడ కూర్చుంటాను. అక్కడికి కళ్ళు చాలు."

"డాక్టరుకు చూపించుకున్నారా?"

"నిన్న సాయంత్రమేగా తెలిసింది."

"నేను తీసుకెళ్తాను." చిన్న మేడమ్ బల్ల మీది క్యాలెండరు తిప్పి చూసింది. తరువాత, చిన్నప్పుడు బల్ల కిందనుంచి ప్రశ్నలు అడిగినప్పటి గొంతుతో అడిగింది. "అది ఇప్పుడు కూడా ఉందా?"

"ఉంది."

"ఎలా ఉంటుంది?"

చెవులమ్మ నోరు తెరిచింది. బాగానే ఉంది అనే మాట అలవాటుగా నాలుక దాకా వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకుంది. చెప్పేది తనకే కొత్త కాబట్టి మాటల కోసం కొద్దిసేపు ఆగాల్సి వచ్చింది.

"సన్నగా ఉంటుంది," అంది. "మనుషులు మాట్లాడుతుంటే తెలియదు. పని చేసుకుంటుంటే తెలియదు. ఖాళీ వచ్చినప్పుడే."

చిన్న మేడమ్ ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి, ఒక కుర్చీని ఆమె వైపు జరిపింది.

"చెప్పండి," అంది.